బెల్లం తక్కువ పడుతోందా? రసం కొలత, బ్రిక్స్ చూసి లోపం ఎక్కడుందో పట్టుకోండి

బోధన్ శక్కర్‌నగర్‌లోని చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడిన తరువాత వర్ని, రుద్రూర్, కోటగిరి ప్రాంతాల్లో చెరకు బాగా తగ్గింది. నిజాంసాగర్ కాలువ కింద చాలా చోట్ల ఆ భూమిలోకి వరి వచ్చేసింది. ఇంకా చెరకు వేస్తున్న చిన్న రైతుకు రెండే దారులు. దూరపు ఫ్యాక్టరీకి తోలాలి, లేదా గానుగ ఆడించి బెల్లం వండుకోవాలి.

ఈ రెండింటికీ లెక్క వేరు. ఫ్యాక్టరీ కాటా మీద బరువుకు డబ్బు ఇస్తుంది. మీ గడలో తీపి కాస్త తక్కువైనా మీ టన్ను టన్నే. బెల్లం వండినప్పుడు అలా కాదు. పక్క రైతుకు టన్నుకు 115 కిలోల బెల్లం పడి మీకు 95 కిలోలే పడితే, ఆ 20 కిలోలు పూర్తిగా మీ నష్టమే. నరికిన కూలి, తోలిన కిరాయి, గానుగ ఖర్చు మాత్రం ఇద్దరికీ ఒకటే. పెనానికి ఇంత అని కిరాయి కట్టి వేరేవాళ్ల గానుగలో వండించుకునే రైతుకు ఈ దెబ్బ ఇంకా గట్టిగా తగులుతుంది. పలుచని రసం పోసినా, చిక్కని రసం పోసినా పెనం కిరాయి మారదు మరి.

బెల్లం తక్కువ పడినప్పుడు ఎక్కువగా వినపడే మాట "ఈసారి రకం మంచిది కాదు" అని. కొన్నిసార్లు అది నిజమే కావచ్చు. కానీ కొలవకుండా అనే మాట అది. బెల్లం దిగుబడి రెండు అంకెల మీద ఆధారపడి ఉంటుంది. రసం ఎంత వచ్చింది, ఆ రసం ఎంత చిక్కగా ఉంది. ఈ రెండూ కలిపి చూస్తేనే లోపం పొలంలో ఉందా, గానుగలో ఉందా, పెనంలో ఉందా అనేది తెలుస్తుంది. ఒక్కటే చూస్తే తప్పుదారి పడతాం.

ముగ్గురు రైతులు, ఒకే దిగుబడి

ఉదాహరణకు ముగ్గురు రైతులు ఒక్కొక్క టన్ను చెరకు ఆడించారనుకుందాం. ముగ్గురికీ చివరకు 95 కిలోల చుట్టూనే బెల్లం వచ్చింది. ముగ్గురూ "తక్కువ పడింది" అనే అంటారు.

మొదటి రైతుకు 480 లీటర్ల రసం వచ్చింది, బ్రిక్స్ 19. రెండో రైతుకు 560 లీటర్లు వచ్చింది, కానీ బ్రిక్స్ 16 మాత్రమే. మూడో రైతుకు 555 లీటర్లు, బ్రిక్స్ 20.

మొదటి రైతు చెరకు బాగుంది. గానుగ సరిగా పిండలేదు, రసం పిప్పిలోనే ఉండిపోయింది. రెండో రైతు గానుగ బాగానే పిండింది, కానీ చెరకు పక్వానికి రాలేదు, లేదా రసంలో నీళ్లు కలిశాయి. మూడో రైతుకు చెరకూ మంచిదే, గానుగా మంచిదే. ఆయన రసంలో 120 కిలోల సరుకు ఉంది. 95 కిలోలే వచ్చిందంటే మిగిలింది పెనం దగ్గర పోయింది, లేదా ఎక్కడో కొలతలో పొరపాటు జరిగింది. ముగ్గురూ వచ్చే ఏడాది రకం మార్చితే ఎవరికీ లాభం ఉండదు.

బ్రిక్స్ అంటే ఏమిటి

బ్రిక్స్ 20 అంటే 100 కిలోల రసంలో కరిగి ఉన్న పదార్థం 20 కిలోలు అని అర్థం. అందులో అధిక భాగం చక్కెర. మిగతాది గ్లూకోజ్ వంటి ఇతర చక్కెరలు, లవణాలు, జిగురు పదార్థాలు. ఇక్కడ గుర్తుంచుకోవాల్సిన విషయం, బ్రిక్స్ కిలోలకు లెక్క, లీటర్లకు కాదు. చెరకు రసం నీటికంటే బరువు. బ్రిక్స్ 20 ఉన్న రసం లీటరు సుమారు కిలో 83 గ్రాములు తూగుతుంది. అందుకే లీటర్లను నేరుగా బ్రిక్స్‌తో గుణిస్తే లెక్క తక్కువ వస్తుంది.

ప్రతిసారీ ఈ గుణకారం చేసే పని లేకుండా ఈ అంకెలను గానుగ షెడ్డు గోడ మీద రాసి పెట్టుకోండి. 100 లీటర్ల రసంలో ఉండే సరుకు బ్రిక్స్ 15 అయితే 15.9 కిలోలు, 16 అయితే 17.0, 17 అయితే 18.2, 18 అయితే 19.3, 19 అయితే 20.5, 20 అయితే 21.7, 21 అయితే 22.8, 22 అయితే 24.0 కిలోలు.

చేతికి వచ్చే బెల్లం బరువు దాదాపు ఈ సరుకు బరువుకు సమానంగా ఉంటుంది. తెట్టులో, పెనం అంచులకు అంటుకుని కొంత పోతుంది. మరోవైపు బెల్లంలో 5 శాతం వరకు తేమ మిగిలి ఉంటుంది కాబట్టి ఆ బరువు తిరిగి కలుస్తుంది. లెక్కకంటే 5 శాతం వరకు తగ్గితే సహజమే. 10 శాతం దాటి తగ్గితే కారణం వెతకాలి. లెక్కకంటే ఎక్కువ వస్తే సంతోషపడకండి. పాకం ముదరకుండా దించారని, తేమ ఎక్కువగా ఉందని అర్థం. ఆ బెల్లం వానాకాలం దాకా నిలవదు, కారిపోతుంది.

ముందు కొలతలు సరిచూసుకోండి

లోపం వెతికే ముందు కొలత నిజమైనదో కాదో చూసుకోవాలి. చాలా సందర్భాల్లో తప్పు చెరకుది కాదు, కొలతది.

రసం పరిమాణాన్ని "రెండు డ్రమ్ములు" అని రాసుకుంటే పనికిరాదు. డ్రమ్ము నిండా అంటే ఒకరికి అంచు దాకా, ఇంకొకరికి నాలుగు వేళ్లు తక్కువగా. సాధారణ 200 లీటర్ల డ్రమ్ము లోపలి వ్యాసం సుమారు 57 సెంటీమీటర్లు ఉంటుంది. అందులో ఒక్క సెంటీమీటరు ఎత్తు తేడా అంటే సుమారు రెండున్నర లీటర్లు. నాలుగు వేళ్ల తేడా అంటే 15 నుంచి 20 లీటర్లు, అంటే 3, 4 కిలోల బెల్లం. ఒక వెదురు బద్ద తీసుకుని, 10 లీటర్ల కొలతతో నీళ్లు పోస్తూ ప్రతి 10 లీటర్లకు గాటు పెట్టండి. పెనం అడుగు ఇరుకుగా, పైన వెడల్పుగా ఉంటుంది కాబట్టి పెనానికి వేరే బద్ద చేసుకోవాలి. డ్రమ్ము బద్దతో పెనాన్ని కొలవకూడదు. నురగ మీద కొలవకండి. నురగ తగ్గిన తరువాత, రసం అసలు మట్టం దగ్గర చూడాలి.

రసాన్ని చల్లగా ఉన్నప్పుడే కొలవాలి. మరిగే రసం చల్లటి రసం కంటే సుమారు 4 శాతం ఎక్కువ జాగా తీసుకుంటుంది. పొయ్యి మీద 500 లీటర్లు కనిపించినది చల్లారితే 480 లీటర్లే.

బ్రిక్స్ చూసే హైడ్రోమీటరును ముందుగా మంచినీటిలో వేసి సున్నా చూపిస్తోందో లేదో చూడండి. ఈ పరికరాలను ఒక నిర్దిష్ట ఉష్ణోగ్రతకు సరిచేసి తయారుచేస్తారు. కొన్నింటికి 20 డిగ్రీల సెల్సియస్, కొన్నింటికి 27.5 డిగ్రీలు. కాడ మీద రాసి ఉంటుంది, చదవండి. రసం దానికంటే వేడిగా ఉంటే మీటరు తక్కువ చూపిస్తుంది, చల్లగా ఉంటే ఎక్కువ చూపిస్తుంది. ప్రతి డిగ్రీ తేడాకు సుమారు 0.07 చొప్పున సవరించుకోవాలి. 20 డిగ్రీలకు చేసిన మీటరును 30 డిగ్రీల రసంలో ముంచితే చూపించిన దానికి 0.7 కలపాలి. జనవరి తెల్లవారుజామున 18 డిగ్రీల రసంలో 27.5 డిగ్రీల మీటరు ముంచితే దాదాపు 0.7 తీసేయాలి. అంటే ఒకే తోట రసం పొద్దున ఒకలా, మధ్యాహ్నం ఒకలా కనిపిస్తే తోట మారలేదు, ఎండ మారింది.

గానుగ నుంచి అప్పుడే పడిన రసం నిండా గాలి బుడగలు ఉంటాయి. అవి హైడ్రోమీటరును పైకి ఎత్తి లెక్క తప్పిస్తాయి. రసాన్ని బట్టలో వడగట్టి, కనీసం 15 నిమిషాలు తేరనిచ్చి చూడాలి. డ్రమ్మును కలియబెట్టిన తరువాతే నమూనా తీయండి. మొదట ఆడిన చెరకు రసం, చివర ఆడిన చెరకు రసం ఒకేలా ఉండవు.

జేబులో పట్టే రిఫ్రాక్టోమీటరుతో పొలంలోనే చూడవచ్చు. రెండు చుక్కల రసం చాలు. అయితే దాని సౌకర్యమే దాని ఇబ్బంది. ఒక గడ నడిమి కణుపు నుంచి తీసిన చుక్క ఆ గడ సంగతే చెబుతుంది, ఎకరం సంగతి చెప్పదు. గట్టు పక్క గడ చూసి నిర్ణయం తీసుకోకండి. పొలంలో కనీసం అయిదు చోట్ల, గట్టుకు దూరంగా, గడ అడుగున, నడుమ, పైన చూడాలి.

ఏ మీటరూ లేనివారికి కూడా మార్గం ఉంది. సన్నని మూతి ఉన్న ప్లాస్టిక్ క్యాను తీసుకుని, కాటా మీద పెట్టి సున్నా చేసి, సరిగ్గా 10 కిలోల నీళ్లు పోయండి. నీటి మట్టం మూతి దగ్గర సన్నని భాగంలో ఉండాలి. అక్కడ గీత పెట్టండి. నీళ్లు పారబోసి, క్యాను ఆరిన తరువాత అదే గీత దాకా తేరిన రసం పోసి తూచండి. 10.65 కిలోలు తూగితే బ్రిక్స్ 16, 10.74 అయితే 18, 10.83 అయితే 20, 10.92 అయితే 22. కాటా 10 గ్రాముల దాకా చూపించేదై ఉండాలి. బకెట్టుతో ఈ పని చేయకూడదు. వెడల్పు మూతి దగ్గర గీత ఒక మిల్లీమీటరు తప్పినా బ్రిక్స్ దాదాపు ఒక అంకె తప్పుతుంది.

బ్రిక్స్ బాగుంది, రసం తక్కువ

ఇది మొదటి రైతు సమస్య. ముందు గానుగను అనుమానించాలి. 100 కిలోల చెరకు తూచి ఆడించి, రసం తూచండి. మూడు రోలర్ల కరెంటు గానుగ బాగా ఉంటే 60 కిలోల వరకు రసం ఇవ్వాలి. 55 కంటే తగ్గితే మరమ్మతు అవసరం. మొదటి రైతుకు 480 లీటర్లు అంటే 518 కిలోలు, అంటే 52 శాతం. అదే చెరకును 60 శాతం పిండగలిగితే టన్నుకు 16 కిలోల సరుకు ఎక్కువ వచ్చేది. ఒక ఎకరంలో 35 టన్నులు ఆడిస్తే అయిదున్నర క్వింటాళ్లు. రోలర్లకు కొత్తగా గాట్లు వేయించే ఖర్చుతో దీన్ని పోల్చి చూసుకోండి.

పిప్పిని పిడికిట పట్టి గట్టిగా పిండితే చెయ్యి తడి కావడం మామూలే, రసం కారితే మాత్రం రోలర్ల మధ్య సందు ఎక్కువైందని అర్థం. రోలర్ల మీది గాట్లు అరిగినా, బెల్టు జారుతున్నా, ఒకేసారి ఎక్కువ గడలు పెట్టినా, ఒక పక్కకే గడలు పెట్టి రోలరు ఆ పక్కే అరిగినా ఇదే జరుగుతుంది. అలాగని సందు మరీ బిగించకూడదు. మోటారుపై భారం పెరుగుతుంది, పీచు నలిగి రసంలో పడుతుంది, తెట్టు పెరుగుతుంది. తడి పిప్పితో ఇంకో నష్టం ఉంది. రేపు పొయ్యిలో పెట్టాల్సింది అదే.

గానుగ సరిగానే ఉంటే చెరకును చూడాలి. పూత వచ్చిన చెరకు పైభాగం బెండు పడుతుంది, అందులో రసం ఉండదు. నీటి ఎద్దడి పడ్డ చెరకులోనూ రసం తక్కువ, బ్రిక్స్ ఎక్కువ ఉంటుంది. నరికి రెండు మూడు రోజులు ఎండలో పడేసిన చెరకు కూడా ఇలాగే కనిపిస్తుంది. కానీ దాని కథ వేరు, కింద చూద్దాం.

రసం బాగుంది, బ్రిక్స్ తక్కువ

రసంలోకి నీళ్లు వచ్చాయేమో ముందు చూడండి, ఎందుకంటే ఇది సులువుగా తేలిపోయే విషయం. డ్రమ్ము కడిగిన నీళ్లు అడుగున మిగలడం, పైపులో నిలిచిన నీళ్లు, పిప్పి మీద నీళ్లు చల్లి రెండోసారి ఆడించడం, ఇవన్నీ లీటర్లను పెంచుతాయి. బ్రిక్స్ 20 ఉన్న 500 లీటర్ల రసంలో 50 లీటర్ల నీళ్లు కలిస్తే బ్రిక్స్ 18.3కు పడిపోతుంది. రసం 550 లీటర్లు అయింది కానీ బెల్లం ఒక్క కిలో కూడా పెరగదు. ఆ 50 లీటర్లను ఆవిరి చేయడానికి పిప్పి మాత్రం అదనంగా కాలుతుంది. ఫ్యాక్టరీలో పిప్పి మీద నీళ్లు చల్లి మళ్లీ మళ్లీ పిండుతారు నిజమే. అక్కడ ఒకదాని వెనుక ఒకటిగా మిల్లులు, ఆవిరితో నడిచే పాత్రలు ఉంటాయి. మన పొయ్యికి అది సరిపడే పని కాదని మా అభిప్రాయం.

నీళ్లు కలవలేదంటే లోపం పొలంలో ఉంది. మన ప్రాంతంలో ప్రధాన కారణం చెరకు పక్కన వరి ఉండడం. వరి మడి ఊట నల్లరేగడిలో చెరకు మొదళ్ల దాకా వస్తుంది, రైతు తడి ఆపినా తోట ఆరదు. చెరకు పక్వానికి రావాలంటే నరకడానికి రెండు మూడు వారాల ముందు నీరు తగ్గాలి. వరి వైపు ఒక చిన్న కాలువ తీసి ఊట నీటిని బయటికి పంపితే తేడా కనిపిస్తుంది. అది వీలు కాకపోతే ఊట పడే మూలను వేరుగా, ఆలస్యంగా నరకండి. మొత్తం తోట రసాన్ని ఆ మూల పలుచన చేయకూడదు.

ఆలస్యంగా యూరియా వేసినా ఇదే ఫలితం. చెరకు పెరుగుతూనే ఉంటుంది, చక్కెర నిల్వ చేయదు. పడిపోయిన తోటలో కొత్తగా నీటి పిలకలు వస్తాయి. అవి లావుగా, మెత్తగా, చూడ్డానికి బాగుంటాయి, తీపి ఉండదు. కట్టలో అవి కలిస్తే బ్రిక్స్ తగ్గుతుంది, బెల్లం రంగూ చెడుతుంది. మొవ్వు దగ్గరి రెండు మూడు లేత కణుపులను బరువు కోసం ఉంచి నరికేవారు ఉన్నారు. ఫ్యాక్టరీ కాటా దగ్గర నేర్చుకున్న అలవాటు అది. బెల్లానికి అది నష్టమే.

పక్వత తెలుసుకోవడానికి గడ పైభాగం బ్రిక్స్‌ను అడుగుభాగం బ్రిక్స్‌తో భాగించండి. పైన 14, అడుగున 20 ఉంటే 0.7. ఇంకా ఆగాలి. పైన 19, అడుగున 20 ఉంటే 0.95. నరకవచ్చు. అడుగు బ్రిక్స్ ఒక్కటే చూసి తొందరపడితే నష్టం. పైన, అడుగున సమానమైన తరువాత కూడా ఆలస్యం చేస్తే అడుగు నుంచి చక్కెర తగ్గడం మొదలవుతుంది.

పలుచని రసం వల్ల వంటచెరకు ఖర్చు ఎంత పెరుగుతుందో చూడండి. బ్రిక్స్ 20 ఉంటే క్వింటాలు బెల్లానికి 500 కిలోల రసం కావాలి, 400 కిలోల నీటిని ఆవిరి చేయాలి. బ్రిక్స్ 16 ఉంటే 625 కిలోల రసం, 525 కిలోల నీరు. అదే క్వింటాలుకు దాదాపు మూడో వంతు ఎక్కువ మంట. సొంత పిప్పితోనే వంట ముగియాల్సిన చోట కట్టెలు కొనాల్సి వస్తుంది. ఎక్కువసేపు మరిగిన కొద్దీ రంగు కూడా నల్లబడుతుంది.

రెండూ బాగున్నాయి, బెల్లం తక్కువ

ఇక మూడో రైతు. తెట్టు తీయడంలో ఎక్కువ సరుకు పోవచ్చు. రసం బాగా కాగి, పొంగు రాకముందే మురికి గట్టి పొరగా పైకి తేలుతుంది. అప్పుడు జల్లెడ గరిటెతో నెమ్మదిగా తీస్తే రసం కిందికి జారి మురికి మాత్రమే వస్తుంది. మరిగి తెర్లిన తరువాత తీస్తే మురికి రసంలో కలిసిపోతుంది, దాన్ని తీయబోయి రసం కూడా బయట పోస్తాం. తీసిన తెట్టును ఒక గుడ్డలో కట్టి వేలాడదీసి, కింద కారిన రసాన్ని తూచి చూడండి. ఎంత పోతోందో మీకే తెలుస్తుంది. బెండ కాండం నలిపి నీటిలో నానబెట్టిన జిగురు పోస్తే మురికి బాగా గట్టిపడి తేలుతుంది.

సున్నం నీళ్లు కొద్దిగానే పోయాలి. చెరకు రసం సహజంగా కొంచెం పుల్లగా ఉంటుంది, ఆ పులుపును తగ్గిస్తే చక్కెర విరగకుండా నిలుస్తుంది, గడ్డ బాగా కడుతుంది. ఎక్కువైతే బెల్లం నల్లగా, రుచి మారి వస్తుంది. ఆ నలుపును పోగొట్టడానికి హైడ్రోస్ వేయడం ఒక తప్పును ఇంకో తప్పుతో కప్పడమే. దాని గంధకపు అవశేషాలకు ఆహార ప్రమాణాల్లో పరిమితి ఉంది. పైగా ఆ పసుపు రంగు నిల్వలో నిలవదు.

దించే వేడి కూడా చూసుకోవాలి. అచ్చు బెల్లానికి పాకం సుమారు 118 డిగ్రీల సెల్సియస్ దగ్గర దించాలి. థర్మామీటరు లేకపోతే చల్లటి నీటిలో చుక్క వేసి, ఉండ కట్టి గిన్నెకు కొట్టితే టక్కుమనాలి. ఇది అనుభవం ఉన్న వంటవాడికి బాగా తెలుసు. థర్మామీటరు కొనేది ఆయన కోసం కాదు, ఆయన రాని రోజు కోసం. వేడి దాటిపోతే అడుగంటి, పెనానికి అంటుకున్నది మాడి బరువు తగ్గుతుంది.

అన్నీ బాగున్నాయి, గడ్డ కట్టలేదు

ఇది రైతును ఎక్కువగా అయోమయంలో పడేసే సమస్య. రసం సరిపడా వచ్చింది, బ్రిక్స్ 21 చూపించింది, బరువు కూడా వచ్చింది. కానీ బెల్లం మెత్తగా, జిగటగా ఉండిపోయింది. కారణం, బ్రిక్స్ మీటరుకు చక్కెరకూ ఇతర పదార్థాలకూ తేడా తెలియదు. కరిగినదల్లా లెక్కలో వేస్తుంది.

నరికిన చెరకులో రోజులు గడిచే కొద్దీ చక్కెర విరిగి గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌గా మారుతుంది. అవి గడ్డ కట్టవు, గాలిలోని తేమను లాగుతాయి. మరోపక్క గడ ఎండి నీరు పోవడం వల్ల రసం చిక్కబడి బ్రిక్స్ పెరుగుతుంది. అంటే చెరకు పాడవుతున్న కొద్దీ మీటరు ఇంకా మంచి అంకె చూపిస్తుంది. కూలీలు దొరకక, గానుగ వరుస రాక మూడు రోజులు నిలిచిన చెరకు బ్రిక్స్ 20 నుంచి 21కి పెరిగితే దాన్ని లాభం అనుకోకండి. నరికిన 24 గంటల్లో ఆడించాలి. గానుగ వరుస ఖాయమైన తరువాతే కత్తి పెట్టాలి. ఒకవేళ ఆగక తప్పకపోతే నీడలో కుప్ప వేసి, చెరకు ఆకు కప్పి తడుపుతూ ఉండాలి.

ఎర్రకుళ్లు తగిలిన గడల్లోనూ, కణుపు తొలుచు పురుగు రంధ్రాలు చేసిన గడల్లోనూ చక్కెర ఇలాగే విరుగుతుంది. గడ చీల్చితే లోపల ఎర్రగా, మధ్యమధ్య తెల్లటి మచ్చలతో, పులిసిన వాసన వస్తే దాన్ని కట్టలో కలపకండి. ఆ తోట నుంచి విత్తనం ముచ్చెలు కూడా తీసుకోకూడదు, కార్శి ఉంచకూడదు. చౌడు నేలల్లో, ఉప్పు బోరు నీటితో పెరిగిన చెరకు రసంలో లవణాలు ఎక్కువ. ఆ లవణాలూ బ్రిక్స్‌లో కలుస్తాయి. అలాంటి బెల్లం ఉప్పగా ఉండి, త్వరగా చెమ్మగిల్లుతుంది. అక్కడి చెరకును వీలైతే ఫ్యాక్టరీకి తోలి, మంచి నేల చెరకును బెల్లానికి ఉంచుకోవడం మేలు.

గడ్డ కట్టని నల్ల బెల్లాన్ని తక్కువ ధరకు అడిగేవారు వస్తారు. అది గుడుంబా బట్టీలకు పోతుందన్న అనుమానంతో ఎక్సైజ్ అధికారులు నల్ల బెల్లం మీద నిఘా పెడతారు. తెలియనివారికి అమ్మి చిక్కుల్లో పడకుండా, అమ్మిన చోట రశీదు తీసుకోండి. దాన్ని పశువుల దాణాకు, జీవామృతం తయారీకి సొంతంగా వాడుకోవచ్చు, లేదా తెలిసిన రైతులకు అమ్ముకోవచ్చు.

నరకడానికి ముందే ఒక పరీక్ష

తోట మొత్తం నరికిన తరువాత లెక్క చూసుకుంటే చేయగలిగేది ఏమీ ఉండదు. అందుకే రెండు వారాల ముందే పొలంలో అయిదారు చోట్ల నుంచి కలిపి 100 కిలోల గడలు నరికి, తూచి, అదే రోజు ఆడించి చూడండి. చెరకు బరువు, రసం లీటర్లు, రసం వేడి, సవరించిన బ్రిక్స్, ఈ నాలుగూ ఒక నోటుపుస్తకంలో తేదీతో రాయండి. 55 లీటర్లకు దగ్గరగా రసం, బ్రిక్స్ 18కి పైన ఉంటే గానుగ వరుస మాట్లాడుకోవచ్చు. బ్రిక్స్ తక్కువగా ఉంటే వారం ఆగి మళ్లీ చూడండి. వారంలో ఒక అంకె పెరిగితే తోట పక్వానికి వస్తోందని అర్థం, ఆగడం లాభమే. రెండుసార్లు చూసినా కదలకపోతే నీరు, ఎరువు, తెగులు, వీటిలో ఏది కారణమో తేల్చుకోవాలి. నోటుపుస్తకంతో రుద్రూర్‌లోని చెరకు, వరి పరిశోధన స్థానం శాస్త్రవేత్తలను కలిస్తే "బెల్లం తక్కువ పడింది" అని చెప్పడం కంటే వారికి సలహా ఇవ్వడం సులువవుతుంది.

కార్శి తోట, మొక్క తోట రెండూ ఉన్న రైతులు ముందుగా కార్శిని పరీక్షించండి. ఒకే రకమైనా కార్శి ముందుగా పక్వానికి వస్తుంది. మొదటి పెనాలు దానితోనే మొదలుపెట్టి, మొక్క తోట బ్రిక్స్ పెరిగేదాకా నిలపవచ్చు.